దుబాయ్‌లో దోస్తు రూములో పది రోజులు ఉండొచ్చా? పోయొచ్చినవాళ్ళు చెప్పండి

దేవరకొండ సార్:

అందరికీ నమస్తే. నాది దేవరకొండ, ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఇంటర్ దాకా నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్తు దుబాయ్ పోయి పన్నెండేళ్ళయింది. ఊరికి వచ్చిన ప్రతిసారీ "ఒక్కసారి రారా, నా దగ్గరే ఉండు, టికెట్ పైసలు పెట్టుకో చాలు, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు. ఈసారి గట్టిగా పట్టుబట్టాడు, నేను కూడా సరే అన్నాను. మేలో సెలవులు ఉంటాయి కదా, పది పన్నెండు రోజులు అనుకుంటున్నా.

వాడు ఏదో గోడౌన్‌లో స్టోర్ కీపర్, ఉండేది బర్ దుబాయ్‌లో. రూము ఎట్లా ఉంటుందిరా అంటే "సరిపోతుంది లేరా" అంటాడు తప్ప ఎంత పెద్దది, ఇంకెవరు ఉంటారు అనేది చెప్పడు. వీడియో కాల్ చేసినప్పుడల్లా మెట్ల మీద కూర్చునో, రోడ్డు పక్కన నిలబడో మాట్లాడతాడు. మా ఆవిడ ఇదే పట్టుకుంది. "పన్నెండేళ్ళలో ఒక్కసారి రూము చూపించని మనిషి దగ్గర పది రోజులు ఎట్లుంటవ్" అని. నాకు అంతవరకు ఆ ఆలోచనే రాలేదు.

వాడు డ్యూటీకి పోయాక నేను ఒక్కడినే తిరగగలనా? హిందీ బాగానే వస్తుంది, ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడాలంటే తడబడతాను. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, నేను పైసలు తీస్తే వాడు చేయి పట్టుకుంటాడు, అది నాకు తెలుసు. నేను పోతున్నానని తెలిసి ఇప్పటికే మూడిళ్ళవాళ్ళు పార్శిల్ అడిగారు, కాదంటే బాగుండదు. ఎండ సంగతి మాత్రం చెప్పి భయపెట్టకండి, నల్లగొండ జిల్లావాళ్ళం, నలభై ఐదు డిగ్రీలు చూసి పెరిగినవాళ్ళం.

అచ్చంపేట పోరడు:

సార్, మనం నలభై ఐదు చూసింది నీడలో కూర్చొని, మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుని. మీరు అక్కడికి పోయేది నడవడానికి. పైగా మనది పొడి ఎండ, చెమట ఆరిపోతుంది. అక్కడ సముద్రం పక్కనే కాబట్టి రాత్రి ఎనిమిదింటికి బయటికి వచ్చినా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. బస్టాపులకు కూడా ఏసీ పెట్టారంటే అర్థం చేసుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ ప్రభుత్వమే రూలు పెట్టింది. మే నెల దానికి గుమ్మం. దసరా సెలవులు చూసుకోండి, లేదా సంక్రాంతి. సంక్రాంతికైతే స్వెట్టర్ అవసరం లేని చలి, హాయిగా ఉంటుంది.

క్రీక్ పక్క రూము:

సార్, మీ ఇంటావిడ పట్టుకున్నదే అసలు పాయింటు. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె, తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నా. మీ దోస్తు రూము చూపించలేదంటే మోసం చేస్తున్నాడని కాదు. చూపించడానికి అతనిదంటూ ఉన్నది ఒక్క మంచమే అయి ఉంటుంది. ఇక్కడ దాన్ని బెడ్‌స్పేస్ అంటారు. గది కాదు, మంచం కిరాయికి తీసుకుంటాం.

మా రూము సంగతి చెప్తా, మీకు బొమ్మ కనిపిస్తుంది. ఒక గదిలో నాలుగు ఇనుప మంచాలు, ఒక్కోదానికి పైనొకరు కిందొకరు, మొత్తం ఎనిమిది మందిమి. నాది కిందిది. దాని చుట్టూ మా అమ్మ పాత చీర ఒకటి కట్టుకున్నా, నీలం రంగుది, కొంగు దగ్గర చిరిగింది, అదే నాకు గోడ. చీర లోపల చార్జర్, అరచేతంత ఫ్యాను, దేవుడి ఫోటో, మా పాప ఫోటో. సూట్‌కేసు మంచం కింద, బియ్యం బస్తా దాని వెనకాల. బాత్రూం తలుపు మీద కాగితం అతికించి ఉంటుంది, పొద్దున నాలుగున్నర నుంచి తలా పదిహేను నిమిషాలు. నాది 5.15. పొయ్యి రెండు బర్నర్లది, సాయంత్రం వంట కూడా వరుస ప్రకారమే. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే నేనూ మెట్ల మీదికే పోతా, ఎందుకంటే నైట్ డ్యూటీ చేసినవాడు అప్పుడే పడుకుని ఉంటాడు.

పోయిన ఏడు మా బావమరిది ఐదు రోజులకని వచ్చాడు. మంచం వాడికిచ్చి నేను మంచాల మధ్య సందులో చాప వేసుకున్నా. రెండో రోజు పొద్దున వాడు కాగితం సంగతి తెలియక 5.30కి బాత్రూంలోకి పోయి ఇరవై నిమిషాలు ఉన్నాడు. పై మంచం అతను, కేరళ మనిషి, స్నానం చేయకుండానే పరుగెత్తాడు, అప్పటికే కంపెనీ బండి పోయింది, టాక్సీకి ముప్పై ఐదు దిర్హంలు పెట్టుకున్నాడు. ఆ రోజు ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడో రోజు సాయంత్రం నా వరుసలో నేను పొయ్యి మీద పెట్టిన కూర గిన్నె ఉడకకముందే దించి పక్కన పెట్టి ఉంది. నాకు విషయం అర్థమైంది. బావమరిదికి చెప్పలేకపోయా, ఇంటికి వచ్చిన చుట్టం కదా. ఆ కేరళ అతనికి టాక్సీ పైసలు ఇస్తే తీసుకోలేదు. అది ఇంకా బాధ.

ఇంకో సంగతి, ఇది చిన్నది కాదు. ఫ్లాటులో ఎవరెవరు ఉంటున్నారో ఇక్కడ రిజిస్టర్ చేయాలి. 2025లో మునిసిపాలిటీవాళ్ళు ప్లైవుడ్ పార్టిషన్లు కొట్టి కిరాయికిచ్చే గదుల మీద గట్టిగా తనిఖీలు చేశారు, అల్ రిగ్గా, మురక్కబాత్, సత్వా వైపు చాలామంది రాత్రికి రాత్రి వేరే చోటు వెతుక్కున్నారు. అట్లాంటి రూములో మీరు పది రోజులు అదనంగా ఉంటే, కిరాయికిచ్చినవాడు "నీ మంచం ఖాళీ చెయ్" అనేది మీతో కాదు, మీ దోస్తుతో.

అందుకని నేనైతే ఇట్లా చేస్తా. ముందు వాడిని సూటిగా "రూములో ఎంతమంది ఉంటారురా, నీ సెలవు ఏ రోజు" అని ఈ రెండే అడగండి. అతని సెలవు రోజు కలిసేటట్టు ఒకటి రెండు రాత్రులు వాడి దగ్గర ఉండండి, అది కూడా మిగతావాళ్ళు సరేనంటేనే. మిగిలిన రాత్రులకు దేరా, నైఫ్ వైపు చిన్న హోటల్ చూసుకోండి. కానీ "నీ రూము ఇరుకు కదా" అని నోరు జారొద్దు. "జన్మలో ఒకసారి ఫారిన్ హోటల్లో పడుకోవాలని మా ఆవిడతో పందెం కట్టిన" అనో ఇంకేదో చెప్పండి. అబద్ధమని వాడికి తెలుస్తుంది, అయినా పరువు నిలబడుతుంది.

పాలమూరు పక్కా:

నేను ఒప్పుకోను అన్నా. దోస్తు ఉండగా హోటల్లో దిగితే వాడు జన్మంతా గుర్తు పెట్టుకుంటాడు. మా నాయన బొంబాయికి మట్టి పనికి పోయినప్పుడు ఒక గుడిసెలో పద్నాలుగు మంది ఉండేవాళ్ళట, ఊరి నుంచి ఎవరు వచ్చినా కాళ్ళు ముడుచుకుని చోటిచ్చేవాళ్ళు. పాలమూరోళ్ళం మనకు ఇరుకు కొత్తా? పన్నెండేళ్ళుగా రమ్మంటున్న మనిషి, చోటు చూసుకోకుండానే రమ్మంటాడా.

క్రీక్ పక్క రూము:

తమ్మీ, నువ్వు చెప్పింది నిజమే, కానీ ఆ గుడిసె మీ నాయనోళ్ళది. పద్నాలుగు మందీ ఒక్క తాలూకావాళ్ళు, ఒక్క మేస్త్రీ కింద పనిచేసినవాళ్ళు. ఇక్కడ నా రూములో నేను కాక ఏడుగురు, అందులో తెలుగువాడు ఒక్కడు. మంచానికి నెలకు ఎనిమిది వందల దిర్హంలు కట్టి, పన్నెండు గంటలు పని చేసి వచ్చినవాడికి మన దోస్తానా ఎందుకు పట్టాలి? మన చుట్టానికి మనం కాళ్ళు ముడుచుకోవచ్చు, పక్కవాడి కాళ్ళు ముడిపించకూడదు కదా.

జడ్చర్ల జంక్షన్:

రూము సంగతి పెద్దలు తేలుస్తారు, నేను తిరుగుడు సంగతి చెప్తా. రెండేళ్ళ కింద మా చిన్నాన్న కొడుకు దగ్గరికి పోయి వారం ఉన్నా, ఐదు రోజులు ఒక్కడినే తిరిగా. హిందీ వస్తే చాలు సార్, టాక్సీవాడు, కిరాణావాడు, కటింగ్ షాపువాడు అందరూ మాట్లాడతారు. ఇంగ్లీషు అవసరం పడింది ఎయిర్‌పోర్టులో ఒక్కసారి.

మన దగ్గర్నుంచి విమానం నాలుగు గంటలు, టైము మనకంటే గంటన్నర వెనక. టికెట్ కొనేటప్పుడు ఏ టెర్మినలో చూసుకోండి. 1, 3 టెర్మినళ్ళకు మెట్రో ఉంది, 2కు లేదు, చవక టికెట్లు కొన్ని దాంట్లోనే దిగుతాయి, అక్కడైతే బస్సో టాక్సీనో. మెట్రో దగ్గర నోల్ కార్డు తీసుకోండి, సిల్వర్ కార్డు 25 దిర్హంలు, అందులో 19 బ్యాలెన్స్ ఉంటుంది, బస్సుకీ అదే గీకాలి. రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ కలిసేది యూనియన్, బుర్జుమాన్ స్టేషన్లలో, ఈ రెండు పేర్లు గుర్తుంటే తప్పిపోరు. లోపల నీళ్ళు తాగినా చూయింగ్ గమ్ నమిలినా వంద దిర్హంలు ఫైను. ఆడవాళ్ళ పెట్టెకు గులాబీ గీత ఉంటుంది, నేను ఫోన్ చూసుకుంటూ దాన్ని దాటాను, ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ వేలితో కింది గీత చూపించింది, సిగ్గుతో వెనక్కి గంతేశా, లేకపోతే దానికీ వందే. రోడ్డు ఎక్కడపడితే అక్కడ దాటితే 400. మన హైవే అలవాటు శంషాబాద్‌లోనే వదిలేయండి.

మీ దోస్తు ఉండేది బర్ దుబాయ్ అన్నారు కదా, అదృష్టం, అసలు ఊరు అదే. మాల్స్ అన్నీ ఒకేలా ఉంటాయి, రెండు చూస్తే చాలు. పొద్దున ఆరింటికే లేచి అల్ ఫహీదీ పాత పేటలో నడవండి. ఇరాన్ నుంచి వచ్చిన వ్యాపారులు కట్టుకున్న ఇళ్ళు, పైన నాలుగు వైపులా నోళ్ళు తెరిచిన గాలి గోపురాలు ఉంటాయి, ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా పట్టి కింది గదిలోకి దించుతాయి. కరెంటు లేని రోజుల ఏసీ అన్నమాట. ఒకదాని కింద నిలబడి పైకి చూడండి, మెడ మీద గాలి తెలుస్తుంది. అక్కడి నుంచి బట్టల బజారు మీదుగా క్రీక్, అంటే ఊరి మధ్యలోకి వచ్చిన సముద్రపు పాయ, దాని రేవు దగ్గరికి వస్తే అబ్రా అని చెక్క పడవ ఉంటుంది, ఒక దిర్హం ఇస్తే అవతలి ఒడ్డు దేరాలో దింపుతారు. టికెట్ లేదు, నాణెం పడవ నడిపేవాడి చేతిలో పెట్టడమే. మధ్యలో ఇంజను, చుట్టూ బల్ల, కాళ్ళ కింద అడుగు దూరంలో నీళ్ళు. ఐదు నిమిషాల ప్రయాణం. నేను ఆ పూట నాలుగుసార్లు అటూ ఇటూ పోయొచ్చా, నాలుగో సారి పడవవాడు గుర్తుపట్టి నవ్వాడు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, పైకి ఎక్కడానికి బాగా వసూలు చేస్తారు, నేను కింద నిలబడే చూశా, మెడ నొప్పి ఫ్రీగా వచ్చింది.

మీరు సోషల్ సార్ కాబట్టి ఒక మాట. మన రిజర్వ్ బ్యాంకు 1959లో గల్ఫ్ దేశాల కోసమే విడిగా గల్ఫ్ రూపాయి అని అచ్చేసింది, దుబాయ్‌లో 1966 దాకా అదే నడిచింది. అంటే మన తాతలు అప్పుడు పోయి ఉంటే అక్కడ లెక్క రూపాయల్లోనే. ఇప్పుడు మనం టీ తాగినా దిర్హంని పాతికతో గుణించుకుంటూ తాగుతున్నాం. రెండు రోజులు అట్లా గుణించుకుంటారు, మూడో రోజుకి మానేస్తారు, లేకపోతే ఆకలితో పోతారు.

అబుదాబిలో పెద్ద మసీదు చూడాలంటే అల్ గుబైబా బస్టాండు నుంచి ఈ100 నంబరు బస్సు ఉంది, 25 దిర్హంలు, అది మాత్రం మీ దోస్తు సెలవు రోజు పెట్టుకోండి. ఆదివారం పొద్దున మెట్రో ఎనిమిదింటికి గానీ మొదలవదు, నేను ఆరింటికి పోయి షట్టర్ ముందు రెండు గంటలు కూర్చున్నా, మీరు కూర్చోకండి.

మిర్యాలగూడ కోడలు:

అన్నా, మగవాళ్ళు ఎవరూ పార్శిళ్ళ గురించి చెప్పలేదు, అదే అసలు ప్రమాదం. మా ఆయన అక్కడ ఉన్నప్పుడు మూడుసార్లు పోయొచ్చా.

గసగసాలు తీసుకుపోవద్దు. మన దగ్గర మసాలా దినుసు, అక్కడ నిషేధం. ఒక్క పొట్లం దొరికినా కేసు అవుతుంది. విడిగానే కాదు, ఇంట్లో కొట్టిన మటన్ మసాలాలో కూడా కలిపి ఉంటారు, పచ్చళ్ళు పొడులు ఇచ్చేవాళ్ళని అడిగి మరీ తీసుకోండి. రెండోది మందులు. "మా వాడికి నడుం నొప్పి, ఈ గోలీలు ఇయ్యి బిడ్డా" అని ఎవరో ముసలాయన పొట్లం కట్టిస్తాడు, అందులో ట్రమడాల్ లాంటిది, అంటే అక్కడ మత్తుమందు కింద లెక్కగట్టే నొప్పి గోలీ, ఉందనుకోండి, ఆయనకేం తెలుసు. కొడైన్ ఉన్న దగ్గు మందుదీ అదే సంగతి. మీ మందులైతే డాక్టరు చీటీతో, అది కూడా అక్కడ అనుమతి ఉందో లేదో చూసుకుని. వేరేవాళ్ళ మందులు వద్దే వద్దు. నేను ఒక ఇంటివాళ్ళకి కాదని చెప్తే రెండు నెలలు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ.

ఎవరి పార్శిల్ అయినా మీ ఇంట్లో, మీ కళ్ళ ముందు, వాళ్ళే విప్పి మళ్ళీ కట్టాలి. కుట్టేసి తెచ్చిన డబ్బా ముట్టుకోవద్దు. వచ్చేటప్పుడు ఇదే తిరగబడుతుంది. "మా చెల్లికి చిన్న గొలుసు" అని అక్కడివాళ్ళు బంగారం ఇస్తారు. డ్యూటీ లేకుండా నగలు తెచ్చుకునే అవకాశం ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్ళకే, పది రోజులు తిరిగొచ్చిన మీకు లేదు. శంషాబాద్‌లో నిలబెడితే మీరొక్కరే నిలబడాలి.

ఫోను సంగతి. అక్కడ వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ పోదు. మీ దోస్తు ఎట్లాగూ వేరే యాప్‌లో చేస్తున్నట్టున్నాడు, అదే వదినతో కూడా వాడించి అలవాటు చేసి పోండి, లేకపోతే మీరు దిగిన రోజు ఇక్కడ ఇంటిల్లిపాదికీ టెన్షన్. వీసా ఇక్కడి నుంచే తీసుకుని పోవాలి, గడువు దాటితే రోజుకు 50 దిర్హంలు. తెలియని వాళ్ళని ఫోటోలు తీయకండి, కుటుంబాలని అసలే వద్దు.

ఖర్చు గురించి. చేయి పట్టుకుంటాడు అన్నారు కదా, పట్టుకోనివ్వండి. మీరు పోయిన మొదటి రోజే కిరాణాకి పోయి రూము అందరికీ సరిపడా బియ్యం, నూనె, ఒక ట్రే గుడ్లు తెచ్చి వంటింట్లో పెట్టేయండి. చేతిలో పైసలు పెడితే వాపసు ఇస్తాడు, బియ్యం బస్తా ఎవరూ వాపసు ఇవ్వరు.

దేవరకొండ సార్:

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ చదివి నిన్న రాత్రి వాడికి ఫోన్ చేశా. సూటిగా అడగమన్నారు కదా, అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "ఆరుగురం రా, నాది పై మంచం" అన్నాడు. మరి నేను ఎక్కడ పడుకోవాలిరా అంటే, నేను వచ్చే పది రోజులూ నైట్ డ్యూటీ మార్పించుకుందామని సూపర్‌వైజర్‌ని ముందే అడిగి పెట్టాడట. రాత్రి మంచం నాది, పగలు వాడిది. పగలు నేను ఊరు తిరుగుతా కదా, వాడు నిద్రపోతాడు. ఇదీ వాడి లెక్క. పన్నెండేళ్ళ తర్వాత కలిసి, ఒకడు లేచేసరికి ఒకడు పడుకుని ఉంటాం. నాకు తిట్టాలో ఏం చేయాలో తోచలేదు. తిట్టా.

మే మానుకున్నా. దసరాకి, ఆరు రోజులు. మొదటి రాత్రి, వాడి సెలవుకు ముందు రాత్రి రూములో ఉంటా, మంచం వాడిదే, నాకు చాప. వాడే రూమువాళ్ళని అడిగాడు, సరేనన్నారు. మిగతా రోజులు దేరాలో హోటల్. పందెం కథ చెప్తే "మీ ఆవిడ అంత పందెం కట్టే మనిషి కాదు" అన్నాడు, అయినా ఒప్పుకున్నాడు. బాత్రూం కాగితం వాళ్ళ రూములోనూ ఉందట, నన్ను అందరి తర్వాత పెట్టమన్నా.

పార్శిళ్ళలో రెండు కాదన్నా. మూడోది కాదనలేను, మా దోస్తు వాళ్ళమ్మది. కొడుక్కి సర్వపిండి చేసి ఇస్తానంటోంది. అది రెండు మూడు రోజులు ఆగుతుందా? అందులో గసగసాలు అట్లాంటివి ఏమైనా వేస్తారా, అడుగుదామంటే ఏమనుకుంటుందోనని.

మిర్యాలగూడ కోడలు:

సర్వపిండిలో నువ్వులే అన్నా, పల్లీలు, పచ్చి శనగపప్పు, వాటికేం కాదు. ఉల్లిగడ్డ వేయకుండా పల్చగా ఒత్తి, నూనె కాస్త ఎక్కువ పోసి గట్టిగా కాల్చమనండి, ఆగుతుంది. ఎక్కువ చేయించండి, ఆరుగురు ఉన్నారు కదా.